బడి ఆవరణలో పాఠం: ప్రాథమిక తరగతులకు ఆరుబయట బోధన ఎలా చేయాలి

ఐదు తరగతులకు ఇద్దరు ఉపాధ్యాయులు, రెండు గదులు, ఒక వరండా, ముందు కొంత ఖాళీ స్థలం, అందులో ఒక వేపచెట్టో కానుగచెట్టో ఉన్న ప్రాథమిక పాఠశాలలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేల సంఖ్యలో ఉన్నాయి. అలాంటి బడిలో పనిచేస్తూ, పరిసరాల విజ్ఞానమూ గణితమూ తెలుగూ అప్పుడప్పుడు ఆరుబయట చెబితే బాగుంటుందని అనుకుంటూనే, పిల్లలు చెల్లాచెదురవుతారనో, సిలబస్ వెనకబడుతుందనో, చూసేవాళ్లు ఏమనుకుంటారోననో వెనుకాడుతున్న ఉపాధ్యాయుల కోసం ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను. దీనికి బస్సు అక్కరలేదు, ప్రత్యేక నిధులు అక్కరలేదు. ప్రహరీ గోడ లోపలి స్థలం, ఒక మీటరు కర్ర, పురికొస, సుద్దముక్కలు, కొన్ని గులకరాళ్లు, చింతగింజలు ఉంటే సరిపోతుంది.

ఆరుబయట పాఠం విరామమూ కాదు, విహారయాత్రా కాదు. అది ఒక పీరియడు. ఏడాదికొకసారి పిల్లలను జంతు ప్రదర్శనశాలకో ప్రాజెక్టు చూడటానికో తీసుకువెళ్లడం మంచిదే. అయితే ఆ ఒక్క రోజు కంటే, తమ బడి ఆవరణనే వారానికొకసారి శ్రద్ధగా చూసే అలవాటు పిల్లలకు ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం, ఎందుకంటే మార్పును గమనించాలంటే చూసిన చోటునే మళ్లీ మళ్లీ చూడాలి. సమయం గురించిన భయం కూడా లెక్క వేసుకుంటే తగ్గుతుంది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. వారానికి 40 నిమిషాల చొప్పున బయట పాఠం చెప్పినా ఏడాది మొత్తంలో అది సుమారు 22 గంటలు మాత్రమే అవుతుంది. ఆ గంటలు కూడా సిలబస్ నుంచి తీసేసినవి కావు. సిలబస్‌లోని పాఠాలనే బయట చెబుతున్నాము.

ముందుగా మీరు ఒక్కరే ఆవరణ చూసి రండి

పిల్లలను తీసుకువెళ్లే ముందు, బడి విడిచిపెట్టాక ఒక సాయంత్రం, ప్రార్థనకు ముందు ఒక ఉదయం మీరు ఒక్కరే ఆవరణ అంతా నడిచి చూడండి. ఒక కాగితం మీద గదులు, చెట్లు, బోరింగు, వంటగది, మరుగుదొడ్లు, గేటు గుర్తించి చిన్న పటం గీసుకోండి. ఉదయం పదింటికి నీడ ఎక్కడ పడుతుందో, మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ పడుతుందో ఆ పటంలో రాసుకుంటే తర్వాత పిల్లలను ఏ వేళకు ఎక్కడ కూర్చోబెట్టాలో వెతుక్కోవలసిన పని ఉండదు. పిల్లలంతా గుండ్రంగా నిలబడగల చోటు ఒకటి, ఎప్పుడూ ఎండ తగిలే చోటు ఒకటి, ఎవరూ తొక్కని గడ్డి మూల ఒకటి, ఒక పెద్ద చెట్టు మొదలు: ఈ నాలుగూ దొరికితే ఏడాది పొడవునా పాఠాలు నడపవచ్చు.

ఈ నడకలోనే ప్రమాదాలు కూడా వెతకాలి. మూత లేని బావి, వేలాడే కరెంటు తీగ, పగిలిన సీసా పెంకులు, చెట్టు మీద తేనెపట్టు ఉన్నాయేమో చూడండి. మొక్కల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా గ్రామాల్లో కంచెగా పెంచే అడవి ఆముదం గింజలు రుచికి బాగానే ఉంటాయి కనుక పిల్లలు వాటిని పప్పుల్లాగా తిని వాంతులతో ఆసుపత్రి పాలైన సంఘటనలు తరచుగా జరుగుతుంటాయి. పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురువింద గింజలు, ఆముదపు గింజలు కూడా విషపూరితమైనవే. జిల్లేడు పాలు కంట్లో పడితే కంటికి హాని జరుగుతుంది. దూలగొండి నూగు తగిలితే భరించలేని దురద పుడుతుంది. వయ్యారిభామ కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఆయాసం తెస్తుంది. వీటిలో తీసేయగలిగినవి తీయించండి. తీయలేనివాటిని పిల్లలకు మొదటి రోజే దూరం నుంచి చూపించి, పేరు చెప్పి, ఎందుకు ముట్టుకోకూడదో వివరించండి. అసలు మొదటి ఆరుబయట పాఠం ఇదే కావడం నా దృష్టిలో ఉత్తమం, ఎందుకంటే ఈ జ్ఞానం బడి బయట కూడా పిల్లలను కాపాడుతుంది. పొదల దగ్గర, రాళ్ల కుప్పల దగ్గర చేతులు పెట్టకూడదన్న నియమం కూడా ఆ రోజే చెప్పాలి. ఎవరికైనా పాము కాటు వేస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటువైద్యం కోసం వెళ్లడం కాకుండా, కదలనివ్వకుండా పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలని మీకూ, మీ సహోద్యోగికీ, వంట చేసే అక్కలకూ తెలిసి ఉండాలి.

ఒకే ప్రశ్నతో బయలుదేరండి

బయట పాఠం చెడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది పిల్లల అల్లరి కాదు, ప్రశ్న లేకపోవడం. “వెళ్లి చెట్లను పరిశీలించండి” అంటే ఏం పరిశీలించాలో పెద్దవాళ్లకైనా తెలియదు. పాఠ్యపుస్తకంలో ఆ వారం చెప్పవలసిన పాఠాన్ని తీసుకుని, దానిలో కంటితో చూసి, చేత్తో కొలిచి, లెక్కపెట్టి సమాధానం చెప్పగల ఒకే ఒక ప్రశ్నను తయారు చేసుకోండి. “వేపచెట్టు మొదలు నుంచి మీ తల ఎత్తు వరకు ఎన్ని రకాల ప్రాణులు కనిపిస్తున్నాయి?”, “వరండా పొడవు మీ పాదాలతో ఎంత, మీటరు కర్రతో ఎంత?”, “చేతులు కడిగే నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?” లాంటివి మంచి ప్రశ్నలు. వాటికి సమాధానం పుస్తకంలో ఉండదు, మీకు కూడా ముందుగా తెలియకపోవచ్చు. అందువల్ల పిల్లవాడు మీ ముఖం వైపు కాకుండా చెట్టు వైపు చూస్తాడు.

ప్రశ్నను గదిలోనే, బయటికి కదలక ముందే, నల్లబల్ల మీద రాయండి. పిల్లల చేత చదివించండి. “మీరేమనుకుంటున్నారు?” అని అడిగి రెండు మూడు ఊహలను బల్ల మీద ఒక పక్కన రాసి ఉంచండి. ఈ అయిదు నిమిషాల పని చేయకుండా బయటికి వెళితే, మిగిలిన ముప్పై అయిదు నిమిషాలూ పిల్లలను అదుపు చేయడానికే సరిపోతాయి.

జట్లు, గీత, సంకేతం

నలుగురు లేదా అయిదుగురు పిల్లలతో ఒక్కో జట్టు చేయండి. రెండు మూడు తరగతులను కలిపి బోధించే బడిలో జట్టులో అన్ని తరగతుల పిల్లలూ ఉండేలా చూడటం మంచిది. ఒకే ప్రశ్న మీద ఒకటో తరగతి పిల్ల లెక్కపెడుతుంది, మూడో తరగతి పిల్లవాడు పేర్లు రాస్తాడు, అయిదో తరగతి పిల్ల కొలిచి పట్టిక గీస్తుంది. బహుళ తరగతుల బోధనకు మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ సంస్థ తన పరిసర గ్రామాల ఏకోపాధ్యాయ పాఠశాలల్లో రూపొందించిన విధానంలో కూడా వేర్వేరు స్థాయిల పిల్లలు ఒకే గదిలో చిన్న జట్లుగా, ఎవరి వేగంతో వారు పనిచేస్తారు. గదిలో కష్టంగా తోచే ఆ ఏర్పాటు ఆవరణలో సులువుగా కుదురుతుంది, ఎందుకంటే చోటు ఎక్కువ, ఒకరి మాట ఇంకొకరికి అడ్డురాదు.

జట్టులో ప్రతి ఒక్కరికీ ఒక పని ఉండాలి: చూసేవారు, కొలిచేవారు, రాసేవారు, సామాను చూసుకునేవారు. ఈ పనులు ప్రతివారం మారాలి. మార్చకపోతే బాగా రాసే పిల్లే ఎప్పుడూ రాస్తుంది, మాట్లాడని పిల్లవాడు ఎప్పుడూ రాళ్లు మోస్తాడు. నడవడానికి ఇబ్బంది ఉన్న బిడ్డ ఉంటే ఆ రోజు పాఠం జరిగే చోటునే ఆ బిడ్డకు అనువుగా ఎంచుకోండి. “నువ్వు లోపల కూర్చో” అనే మాట ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు. అలాగే, అల్లరి చేశాడని ఒక పిల్లవాడిని శిక్షగా గదిలో వదిలి మిగతావారిని బయటికి తీసుకువెళ్లకండి. గదిలో కుదురుగా కూర్చోలేని పిల్లవాడికే ఈ పీరియడు అందరికంటే ఎక్కువ అవసరం.

ఎంతవరకు వెళ్లవచ్చో సుద్దతోనో ముగ్గుపిండితోనో నేల మీద గీత గీసి చూపించండి. వెనక్కి పిలవడానికి ఒకే సంకేతం పెట్టుకోండి. ఒక లయలో చప్పట్లు కొడితే పిల్లలు అదే లయలో బదులు కొట్టి గుండ్రంగా చేరడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. మొదటి రెండు వారాలు ఈ సంకేతాన్నే ఆటగా సాధన చేయించండి. అరిచి పిలవడం అలవాటైతే మీ గొంతు పోతుంది, పక్క తరగతికి ఇబ్బంది కలుగుతుంది. ఆకులు తెంపడం, పురుగులను చంపడం, గూళ్లను కదపడం చేయకూడదని చెప్పండి. పరిశీలనకు కావలసిన ఆకులను రాలినవాటిలో నుంచే ఏరుకోవచ్చు.

ఒక పాఠం పూర్తిగా: కర్ర నీడ

అన్ని తరగతులకూ పనికివచ్చే, ఏడాది అంతా సాగే పాఠం ఒకటి చెప్పమంటే నేను కర్ర నీడ పాఠాన్నే చెబుతాను. మన ప్రాంతం కర్కటరేఖకు దక్షిణాన ఉండటం వల్ల ఈ పాఠంలో ఒక విశేషం ఉంది. దానిని చాలామంది పెద్దలు కూడా గమనించి ఉండరు.

బడి తెరిచిన జూన్ నెలలోనే, మబ్బు లేని ఒక రోజున, ఉదయం నుంచి సాయంత్రం వరకు ఎండ తగిలే చోట ఒక నిటారైన కర్రను నేల మీద సరిగ్గా ఒక మీటరు ఎత్తు ఉండేలా పాతండి. అది నిలువుగా ఉందో లేదో తెలుసుకోవడానికి పురికొసకు రాయి కట్టి పక్కన వేలాడదీసి చూడాలి. ఈ పని అయిదో తరగతి పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు. ఉదయం 9.30 నుంచి ప్రతి గంటకూ ఒక జట్టు వెళ్లి నీడ కొన దగ్గర ఒక గులకరాయి పెట్టి, పక్కన సుద్దతోనో కాగితం ముక్క మీదనో సమయం రాసి రావాలి. మధ్యాహ్నం 11.45 నుంచి 12.45 వరకు పది నిమిషాలకొకసారి చూడాలి. సూర్యుని వైపు నేరుగా చూడకూడదని ప్రతిసారీ గుర్తుచేయండి. ఈ పాఠంలో చూడవలసింది నేల మీది నీడనే.

సాయంత్రానికి గులకరాళ్ల వరుస ఒకటి తయారవుతుంది. కర్ర మొదలుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న రాయి మధ్యాహ్నానిది. కర్ర మొదలు నుంచి ఆ రాయి వరకు గీసిన గీత ఉత్తర దక్షిణాలను చూపిస్తుంది. ఆ రాయి పెట్టిన సమయాన్ని పిల్లల చేత చదివించండి. హైదరాబాదు ప్రాంతంలో జూన్ నుంచి ఆగస్టు వరకు అది 12.15 నుంచి 12.25 మధ్యలో వస్తుంది, విశాఖపట్నంలో దాదాపు 12 గంటలకే వస్తుంది. మన దేశమంతటికీ గడియారపు సమయాన్ని కాకినాడకు సమీపంగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. దానికి పడమరగా ఉన్న ఊళ్లలో సూర్యుడు నడినెత్తికి ఆలస్యంగా చేరుకుంటాడు. ఇంత వివరం చిన్న తరగతులకు అవసరం లేదు, అయిదో తరగతికి చెప్పవచ్చు.

ఇక విశేషం ఏమిటంటే, జూన్‌లో ఆ అతి చిన్న నీడ ఏ దిక్కున పడిందో చూడండి. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందని పిల్లలు, చాలామంది పెద్దలు అనుకుంటారు. కానీ జూన్, జూలై నెలల్లో మన ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, అందువల్ల నీడ దక్షిణానికి పడుతుంది. హైదరాబాదు అక్షాంశంలో జూన్ రెండో వారంలో మీటరు కర్ర నీడ సుమారు 10 సెం.మీ. ఉంటుంది, తిరుపతిలో సుమారు 17 సెం.మీ. ఉంటుంది. జూన్ నెలాఖరు నుంచి వారం వారం తగ్గుతూ వచ్చి, హైదరాబాదులో ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం పూర్తిగా మాయమవుతుంది. ఆదిలాబాదులో జూలై చివరి వారంలో, విజయవాడలో ఆగస్టు మొదటి వారం చివర, తిరుపతిలో ఆగస్టు నెల మధ్యలో ఇది జరుగుతుంది. మబ్బులు అడ్డు రావచ్చు కనుక నాలుగైదు రోజులు ప్రయత్నించండి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా నీడ చాలా చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ తర్వాత నీడ ఉత్తరానికి మారి పెరగడం మొదలుపెడుతుంది. హైదరాబాదు దగ్గర సెప్టెంబరు 23 నాటికి సుమారు 31 సెం.మీ., డిసెంబరు 22 నాటికి సుమారు 86 సెం.మీ. అవుతుంది. మిట్టమధ్యాహ్నం నీడ ఉండదని పుట్టినప్పటి నుంచి విన్న పిల్లలకు, ఏడాదిలో రెండు రోజులే అలా జరుగుతుందని, అందులో ఒకటి వేసవి సెలవుల్లోనూ మరొకటి బడి రోజుల్లోనూ వస్తుందని తామే కొలిచి తెలుసుకోవడం గొప్ప అనుభవం.

ఒకటి, రెండు తరగతుల పిల్లలు రాళ్లను దగ్గరి నుంచి దూరానికి వరుస చెబుతారు. మూడో తరగతి వారు స్కేలుతో కొలుస్తారు. నాలుగు, అయిదు తరగతుల వారు నెలకొకసారి కొలిచిన పొడవులతో పట్టిక, కమ్మీ రేఖాచిత్రం గీస్తారు. కొలతల్లో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వస్తే మందలించకండి. రెండు జట్ల కొలతలు ఎందుకు వేరుగా వచ్చాయో వారే చర్చించుకోనివ్వండి. నీడ అంచు మసకగా ఉంటుందని, కర్ర వంగి ఉండవచ్చని వాళ్లే కనిపెడతారు.

తొలకరి నుంచి ఉగాది వరకు

బడులు తెరిచేది మృగశిర కార్తెలో కనుక ఋతువులతో పాటు పాఠాలను నడపడం మనకు సులభం. ఆరుద్ర కార్తె వచ్చేసరికి, తొలి వానలు పడిన నేల మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. వాటి కాళ్లను లెక్కపెట్టమని చెప్పండి. చీమకు ఆరు, సీతాకోకచిలుకకు ఆరు, ఆరుద్ర పురుగుకు మాత్రం ఎనిమిది ఉంటాయి. అందువల్ల అది కీటకం కాదని, సాలీడుకు దగ్గరి బంధువని పిల్లలకు చెప్పవచ్చు. అరచేతిలోకి తీసుకుని చూసి, తీసిన చోటనే వదిలిపెట్టించండి.

వానాకాలంలో వాన కొలిచే సీసా తయారు చేయించండి. నిలువు గోడలు ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దానిని గరాటులా బోర్లించి అదే సీసాలో పెట్టాలి. అడుగున ఉండే గుంటలు సమం కావడానికి గులకరాళ్లు, కొంచెం నీరు పోసి, ఆ నీటి మట్టాన్ని సున్నాగా గుర్తించి, పైన స్కేలు అతికించాలి. ప్రతి ఉదయం ఒకే సమయానికి చదివి రాయాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు నీరు కనుక, బడి కప్పు వైశాల్యం 100 చదరపు మీటర్లు ఉంటే 10 మి.మీ. వానకు దాని మీద 1,000 లీటర్ల నీరు పడుతుంది. ఆ నీరంతా ఎక్కడికి పోయిందో చూడటానికి వాన వెలిశాక ఆవరణలో నడిస్తే, అదే ఇంకొక పాఠం అవుతుంది.

బడిలో కరివేపాకు మొక్క గానీ నిమ్మ మొక్క గానీ ఉంటే ప్రతివారం దాని లేత ఆకులు చూడండి, లేకపోతే ఒకటి నాటండి. నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక అక్కడ గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగు చిన్నప్పుడు పిట్ట రెట్టలాగా కనిపిస్తుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది, కదిలిస్తే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల వంటి భాగాన్ని బయటికి చాపి ఘాటైన వాసన వదులుతుంది. గుడ్డు నుంచి రెక్కల సీతాకోకచిలుక వరకు సుమారు ఒక నెల పడుతుంది. పాఠ్యపుస్తకంలోని జీవితచక్రం బొమ్మను పిల్లలు దిద్దే ముందు, దానిని మొక్క మీద చూడటం ఎంతో అవసరం. దీనికోసం మొక్కకు పురుగుమందు కొట్టకుండా చూసుకోవాలి.

దసరా దగ్గరపడేసరికి తెలంగాణలో తంగేడు, గునుగు పూస్తాయి. బతుకమ్మకు ఏ పువ్వులు వాడతారో పిల్లలకు మీకంటే బాగా తెలుసు కనుక, ఆ వారం వారినే చెప్పనివ్వండి. చలికాలంలో మట్టి పరీక్ష చేయవచ్చు. ఒక సీసాలో గుప్పెడు మట్టి, ముప్పాతిక వంతు నీరు పోసి బాగా కుదిపి కదలకుండా ఉంచితే, ఇసుక నిమిషంలోనే అడుగున చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటలు తీసుకుంటుంది, బంకమట్టి మరునాటికి కూడా నీటిలో తేలుతూనే ఉండవచ్చు. నల్లరేగడి, ఎర్రచెలక మట్టి రెండూ దొరికితే పక్కపక్కన పెట్టి చూపించండి. ఉగాదికి ముందు వేప పూత ఎప్పుడు మొదలైందో తేదీ రాసి ఉంచండి.

లెక్కలు నేల మీద

సంఖ్యల స్థానవిలువ ఆరుబయట చెప్పినంత తేలికగా గదిలో చెప్పలేం. ఒక్కో జట్టుకు దోసెడు చింతగింజలు ఇచ్చి, ముందు ఎన్ని ఉంటాయో అంచనా చెప్పమని, తర్వాత పదేసి కుప్పలు పెట్టమని, పది కుప్పలు అయినప్పుడు చుట్టూ సుద్దతో పెద్ద వలయం గీయమని చెప్పండి. పిల్లలు వందను అలా కంటితో చూస్తారు. వామనగుంటలు ఇంకా మంచి సాధనం. 14 గుంటలకు గుంటకు అయిదు చొప్పున గింజలు వేస్తే మొత్తం 70. ఆట నడిచే కొద్దీ ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో, చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందుగానే లెక్కవేయడం పిల్లలు తమకు తామే అలవాటు చేసుకుంటారు. తొక్కుడు బిళ్ళ గళ్లలో అంకెలు రాసి కూడికలు చెప్పించవచ్చు.

కొలతలకు వరండాను వాడండి. ముందు ఒకటో తరగతి పిల్ల, తర్వాత అయిదో తరగతి పిల్లవాడు, చివరగా మీరు, పాదం వెంట పాదం వేసి కొలవండి. మూడు జవాబులు మూడు రకాలుగా వచ్చినప్పుడు “ఇప్పుడు వడ్రంగికి ఏ కొలత చెప్పాలి?” అని అడగండి. మీటరు కర్ర ఎందుకు కావలసి వచ్చిందో ఆ ఒక్క ప్రశ్నతో అర్థమవుతుంది. నేల మీద ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న చదరం గీసి, అందులో ఎంతమంది నిలబడగలరో చూపిస్తే చదరపు మీటరు అన్న మాటకు రూపం వస్తుంది.

లోపలికి వచ్చాక

నలభై నిమిషాల్లో పాతిక నిమిషాలే బయట గడపండి, పది నిమిషాలు లోపలి పనికి తప్పనిసరిగా మిగల్చండి. చేతులు కడుక్కుని కూర్చున్నాక, ముందు రాసి ఉంచిన ఊహలను చదివించి, ప్రతి జట్టూ తాను చూసినది చెప్పాలి. ఒకే వాక్యాన్ని బల్ల మీద రాసి అందరి చేతా ఎత్తి రాయించడం మాత్రం చేయకండి. అలా చేస్తే బయటికి వెళ్లిన ప్రయోజనమంతా పోతుంది. ఇంకా రాయడం రాని పిల్ల “చీమ తనకంటే పెద్ద మెతుకు మోసింది” అంటే, ఆ మాటనే మీరు ఆమె పలకమీద రాసి ఇవ్వండి. తన మాటను తాను చదవడం కంటే సులువైన తొలి పఠనం లేదు. మూడో తరగతి వారు మూడు వాక్యాలు, పైతరగతుల వారు ఒక పేరా, ఒక బొమ్మ, ఒక కొలత రాయాలి. మొక్కలకూ పురుగులకూ పిల్లలు ఇంట్లో వాడే పేర్లను, గోండి, కోయ, సవర వంటి భాషల పేర్లను కూడా ముందు రాయించి, పుస్తకంలోని పేరును వాటి పక్కన చేర్చండి. అక్షరదోషాలను మరునాడు చూసుకోవచ్చు. ఆ రోజు మాత్రం ఏం చూశారన్నదే ముఖ్యం.

ఎండ, వాన, పిడుగు

జూన్ మొదట్లోనూ, ఒంటిపూట బడులు నడిచే మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ బయట పాఠం ఉదయం మొదటి పీరియడులోనే, నీడలోనే ఉండాలి. కర్ర నీడ కొలిచే జట్టు కూడా ఆ నెలల్లో ఎండలోకి రెండు నిమిషాలకు మించి వెళ్లకూడదు. బయలుదేరే ముందు, తిరిగి వచ్చాక అందరి చేతా నీళ్లు తాగించండి. ఉదయం ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు ఎవరో మీకు తెలిసి ఉండాలి, వారికి ఆ రోజు కూర్చుని చేసే పని ఇవ్వండి. ఉరుము వినిపిస్తే ఎంత మంచి పాఠమైనా ఆపి అందరినీ పక్కా గదిలోకి తీసుకువెళ్లండి, చెట్టు కింద నిలబెట్టకండి, చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటికి రాకండి.

తల్లిదండ్రులు అడిగితే

“మా పిల్లలను చెట్ల కింద ఆడిస్తున్నారట” అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పిల్లల చదువు కోసం కూలి డబ్బులో మిగుల్చుకునే తల్లికి ఆ ఆందోళన సహజం, దానిని గౌరవించాలి. వాదించడం కంటే, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశానికి పిల్లల నోటుపుస్తకాలు తీసుకువచ్చి, వారి చేతనే నీడ పట్టిక చదివించి, ఎందుకు అలా మారిందో చెప్పించండి. ఇంకా మంచి మార్గం తల్లిదండ్రులను పాఠంలోకే పిలవడం. విత్తనాలు ఎంచడం, నేల తేమ పట్టి చూడటం, కార్తెలను బట్టి వానను అంచనా వేయడం తెలిసిన రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారిలో ఒకరిని, ఆడవారైనా మగవారైనా, ఒక పీరియడుకు పిలిచి, పిల్లలు ముందుగా రాసుకున్న ప్రశ్నలు అడిగేలా చూడండి. అక్షరం రాని తన తాత బడిలో కూర్చుని పాఠం చెప్పడం చూసిన పిల్లవాడికి ఇంటి మీదా బడి మీదా గౌరవం పెరుగుతుంది.

రిజిస్టరు

ప్రతి ఆరుబయట పాఠానికీ ఒక పేజీ కేటాయించి ఒక లాంగ్‌బుక్ పెట్టండి. అందులో తేదీ, ఆ రోజు ప్రశ్న, ఏ తరగతి ఏ పాఠానికి సంబంధించినదో, ఏది బాగా జరిగిందో, ఏది కుదరలేదో నాలుగు వాక్యాల్లో రాయండి. వారానికి నలుగురు పిల్లల చొప్పున, వారు అడిగిన ప్రశ్ననో చేసిన పనినో వారి మాటల్లోనే రాసుకుంటే రెండు మూడు నెలల్లో అందరి గురించీ మీ దగ్గర వివరం ఉంటుంది. నిర్మాణాత్మక మూల్యాంకనానికి మార్కులు వేసేటప్పుడు ఊహించి రాయవలసిన అవసరం రాదు. తనిఖీకి వచ్చిన అధికారికి చూపించడానికి కూడా ఇదే ఆధారం.

బదిలీ అయి వెళ్లేటప్పుడు ఈ పుస్తకాన్ని బడిలోనే ఉంచి వెళ్లండి. వాన కొలతలు, వేప పూత తేదీ, కర్ర నీడ పొడవులు పిల్లల చేతిరాతతోనే అందులో అతికించి, కొలిచిన జట్టు పేరు, తేదీ, సమయం, కర్ర పాతిన చోటు స్పష్టంగా రాయించండి. మరుసటి ఏడాది పిల్లలు అదే తేదీన అదే చోట కొలిస్తే వాన అంకెలు మారతాయి, వేప పూత తేదీ కొంత అటూ ఇటూ కావచ్చు, నీడ పొడవు మాత్రం దాదాపు అంతే వస్తుంది. ఈ మూడింటిలో ఏవి మారాయి, ఏది మారలేదు, ఎందుకు అన్నదే ఆ ఏడాది అయిదో తరగతికి మొదటి ప్రశ్నగా ఇవ్వండి.